బతికున్నవాడికి అంజలి

ఎళిల్‌మారన్ పోయాడన్న కబురు వచ్చేసరికి సోలైమలై పెరట్లో జిగురు ఉడకబెడుతున్నాడు. సెల్లూరులో ఆ వీధి మొత్తానికి తెలిసిన వాసన అది. మైదాపిండిని నీళ్ళలో కలిపి, ఉండ కట్టకుండా కర్రతో తిప్పుతూ, చిక్కబడే వేళకు చిటికెడు మైలుతుత్తం వేస్తాడు. అలా చేస్తే గోడకు పట్టిన కాగితం ఎండకూ వానకూ కదలదు, మదురై ఆవులు కూడా మూతి పెట్టి చూసి వదిలేస్తాయి. నలభై ఏళ్ళుగా ఊళ్ళో పోస్టర్లు అంటించి బతుకుతున్న మనిషి. పెళ్ళి పోస్టరు కానీ, చెవులు కుట్టే వేడుక పోస్టరు కానీ, చావు పోస్టరు కానీ, జిగురు మాత్రం తన చేత్తోనే తిప్పాలి. ఆ ఒక్క విషయంలో పెళ్ళాన్ని కూడా నమ్మడు.

ఫోను చేసింది మద్రాసు నుంచి తిరువేంగడం. వడపళనిలో ఆటో నడుపుతాడు. ఒకప్పుడు రాష్ట్రమంతా నాలుగొందల శాఖలున్న సినిమా హీరో ఎళిల్‌మారన్ అభిమాన సంఘానికి ఇప్పుడు మద్రాసులో మిగిలిన శాఖ అతనొక్కడే.

"అయిపోయింది సోలై," అన్నాడు. "ఆస్పత్రి గేటు దగ్గరే ఉన్నా. మన అన్న పోయాడంట. లోపల వార్డుబాయి చెప్పాడు."

కర్ర సోలైమలై చేతిలో అలాగే ఆగిపోయింది. జిగురు అడుగంటింది. మాడు వాసనకు పాండియమ్మాళ్ లోపలినుంచి పరుగున వచ్చి పొయ్యిలో కట్టెలు బయటికి లాగింది.

"ఏమయ్యా, కళ్ళు తెరుచుకునే నిద్రపోతున్నావా? కిలో మైదా తగలేశావు!"

"ఎళిల్ అన్న పోయాడు పాండీ."

చేతిలో కట్టెతో పాటు ఆమె మెట్టు మీద కూలబడింది. కాసేపటికి లేచి, చెంగుతో మొహం తుడుచుకుని, లోపలికి పోయి టీవీ పెట్టింది. ఒక చానెల్లో నలుగురు నాయకులు ఒకళ్ళ మాట ఒకళ్ళు విననివ్వకుండా అరుచుకుంటున్నారు. ఇంకోదాంట్లో అత్తా కోడళ్ళు. మూడోదాంట్లో ఎవరో వంజరం చేప వేయిస్తున్నారు. చివరిదాకా తిప్పి చూసి ఆమె గుమ్మంలోకి వచ్చింది.

"ఎక్కడా చెప్పట్లేదే. కాస్త ఆగకూడదా? టీవీలో వచ్చాక ఏడుద్దాం."

"వాళ్ళెందుకు చెబుతారే? పది రోజుల్నుంచి ఆస్పత్రిలో ఉంటే ఒక్కడైనా చెప్పాడా? కిందటేడు పుట్టినరోజుకి చెప్పారా? ఉన్నప్పుడు గుర్తురానివాళ్ళకి పోయాక గుర్తొస్తాడా?"

పాండియమ్మాళ్ లోపలికి పోయి టీవీ ఆపేసింది. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకు జవాబు తమిళనాట ఎవరి దగ్గరా లేదు. ఎనభై రెండు నుంచి ఎనిమిదేళ్ళపాటు తెల్లారితే టీకొట్టు రేడియోలో ఎళిల్‌మారన్ తెరమీద తడిసిన వాన పాటే, పొద్దుగూకితే టౌన్ బస్సులో ఎళిల్‌మారన్ రైలు పాటే. పాట మొదలయ్యేముందు ఆయన ఎడమచెయ్యి చొక్కా రెండు మడతలు, కుడిచెయ్యి రెండు మడతలు పైకి మడిచేవాడు. అది చూసి ఊళ్ళో మగవాళ్ళెవరూ చొక్కా చేతులు కిందికి దించలేదు. ఆ పాటలు ఇప్పటికీ టీవీలో వస్తూనే ఉంటాయి. బాణీ కట్టినవారి పేరు వేస్తారు, రాసినవారి పేరు వేస్తారు, పాడినవారి పేరు వేస్తారు. తెరమీద ఎదురుగా నిలబడి పాడుతున్న మనిషి పేరు మాత్రం వెయ్యరు. సోలైమలైకి ఒళ్ళు మండే సంగతి ఇదొక్కటే. దీని మీద టీవీ వాళ్ళకి నాలుగు ఉత్తరాలు కూడా రాశాడు.

"ఊళ్ళో మొదటి పోస్టరు మనదే పడాలి," అన్నాడు లేస్తూ. "ఆయన సినిమా ఏది వచ్చినా మొదటి పోస్టరు నేనే అంటించాను. ఇది ఇంకొకడు అంటిస్తే నేను బతికి దండగ."

సాయంత్రానికి సిమ్మక్కల్‌లో జైలాని భాయ్ ప్రెస్సులో ఉన్నాడు. చంకలో గుడ్డలో చుట్టిన ఫొటో. భాయ్ దాన్ని అద్దం కింద పెట్టి, కంప్యూటర్లోకి ఎక్కించి, మొహం మీద పడిన గీతల్ని ఒక్కొక్కటే చెరిపాడు. తెరమీద ఎళిల్‌మారన్‌కి ముప్ఫై ఏళ్ళు. కుడిచెయ్యి ఎడమ మోచేతి దగ్గర మడత మీద ఉంది, పాట ఇంకా మొదలవలేదు.

"రాతలు చెప్పు," అన్నాడు భాయ్.

సోలైమలై దారిపొడుగునా మనసులో కూర్చుకున్నది అప్పజెప్పాడు. "కన్నీటి అంజలి. మా వయసుకు పాట నేర్పిన ఎళిల్ అన్నా, పాటను మా దగ్గరుంచి నువ్వెక్కడికి పోయావు? ఇకపై మా ఊరి వానలో ఎవరు తడుస్తారు? మౌన ఊరేగింపు, ఆదివారం ఉదయం పది గంటలకు, పొన్‌మణి టాకీసు వాకిట్లో నుంచి. ఇట్లు, మదురై నగర అభిమాన సంఘం, కార్యదర్శి సె. సోలైమలై."

"వయసు?"

"అరవై ఎనిమిది."

భాయ్ టైపు చేస్తూ చేస్తూ ఆగాడు. "ఖాయమేనా సోలై? చావు సంగతి."

"వార్డుబాయి చెప్పాడు భాయ్."

"సరే. మీ సంఘంలో ఇప్పుడు ఎంతమందున్నారు?"

"పదకొండు మందిమి. అందులో ఇద్దరికి మోకాళ్ళు పనిచెయ్యవు."

"ఊరేగింపు అంటున్నావు మరి. తొమ్మండుగురు నడిస్తే దాన్ని ఊరేగింపు అనరు, టీకి పోతున్నారంటారు."

భాయ్ ఎగతాళికే అన్నాడు కానీ సోలైమలైకి అది గుండెలో గుచ్చుకుంది. ఫోను వచ్చిన దగ్గర్నుంచి అతన్ని తొలుస్తున్న భయం అదే. మనిషి పోవడం ఒక ఎత్తు. పోయాడని గోడ మీద రాసి పెట్టినా ఎవరూ రాకపోవడం ఇంకో ఎత్తు. అది ఎళిల్ అన్నకు జరగకూడదు.

"తొమ్మండుగురైనా నడుస్తాం," అన్నాడు. "వెయ్యి భాయ్."

మదురైలో ఏ పోస్టరుకైనా కింద వేసినవాడి మొహం ఉండాలి, అది రివాజు. భాయ్ సోలైమలై పాస్‌పోర్టు ఫొటో ఒక మూల పెట్టాడు, దాని కింద ఫోను నంబరు పెట్టాడు. ఎనభై పోస్టర్లు తడి ఆరీ ఆరకముందే గుడ్డలో చుట్టుకుని సోలైమలై ఇంటికి చేరాడు. అప్పుడు మళ్ళీ కొత్తగా జిగురు కాచాడు. ఈసారి మైలుతుత్తం చిటికెడు కాదు, గుప్పెడు వేశాడు. పదహారో రోజు కర్మ అయ్యేదాకా ఆ మొహాన్ని ఆవు తినకూడదు.

రాత్రి రెండింటికే సైకిలు తీశాడు. హ్యాండిలుకు బకెట్టు, వెనక నిచ్చెన, క్యారియరు మీద కాగితాలు. గోరిపాళయం, యానైక్కల్, ఆరప్పాళయం, తెప్పక్కుళం. ముందు గోడకు జిగురు పూసి, పై సగం కాగితం పెట్టి, కుంచెతో నడిమధ్య నుంచి పక్కలకు తోసి, దాని కింద రెండో సగం. రెండు సగాలు సరిగ్గా గడ్డం దగ్గర కలవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా మొహం వంకర పోతుంది. మామూలు రోజుల్లో సోలైమలై ఒక పోస్టరుకు నిమిషం తీసుకుంటాడు. ఆ రోజు మూడు నిమిషాలు తీసుకున్నాడు. మొహం మీద కుంచె ఆడించలేదు, అరచేత్తో నిమిరి అతికించాడు. "అన్నా, కాస్త ఇటు జరుగు," అన్నాడు ఒకచోట, గోడ ఎగుడుదిగుడుగా ఉంటే. పాలవాడు విని ఈ ముసలాడికి ఏమైందన్నట్టు చూసి పోయాడు.

చివరి పోస్టరు వైగై వంతెన పక్క గోడకు అంటించి, వెనక్కి నాలుగడుగులు వేసి చూసుకున్నాడు. కడిగిన ముత్యంలా ఉన్నాడు అన్న. అప్పుడు ఫోను మోగింది.

"సోలై," అన్నాడు తిరువేంగడం. "తిట్టకు."

"చెప్పు."

"అన్న ఇడ్లీ తింటున్నాడు."

"ఏ అన్న?"

"మన అన్నే! పోయింది పక్క మంచం ఆయనంట. ఆ వార్డుబాయి వెధవ మంచం నంబరు తప్పు చూసుకున్నాడు. ఇప్పుడే కిటికీలోంచి నా కళ్ళతో చూశాను. రెండు ఇడ్లీ తిని చట్నీ ఇంకొంచెం అడిగాడు. సోలై? ఉన్నావా?"

సోలైమలైకి ముందు ఏడుపొచ్చింది. గట్టిగా, బజారు అని కూడా చూసుకోకుండా ఏడ్చాడు. ఆ తర్వాత తలెత్తి ఎదురుగా గోడ చూశాడు. కన్నీటి అంజలి. మూలన తన మొహం. ఇలాంటివి ఇంకా డెబ్భై తొమ్మిది ఉన్నాయి ఊళ్ళో. అన్నీ తను ఈ నలభై ఏళ్ళలో కాచిన జిగురుల్లోకెల్లా గట్టి జిగురుతో అంటించినవే. వంతెన గట్టు మీద కూర్చుండిపోయాడు. బతికున్న మనిషికి చావు రాసి గోడకెక్కించడం కంటే పాపం అతనికి తెలిసి ఇంకోటి లేదు.

"ఇంట్లో కూర్చుంటే ఏమవుతుంది?" అంది పాండియమ్మాళ్, సంగతి విని. "పద. ఆ పదిమందికీ నోటితో చెప్పి వద్దాం. ఎండలో నిలబడతారు పాపం, ఇద్దరికి మోకాళ్ళు కూడా బాగాలేవు."

పొన్‌మణి టాకీసు మూతబడి పద్దెనిమిదేళ్ళయింది. ఇప్పుడందులో బియ్యం బస్తాలు పెడుతున్నారు. తొమ్మిదిన్నరకు సైకిలు సందు తిరగగానే సోలైమలై బ్రేకు పట్టాడు. వాకిట్లో ఎవరూ ఉండరేమో అని కదా అతని భయం. వాకిలే కనబడలేదు, అంతమంది జనం. రోడ్డుకు అటువైపు కూడా నిలబడ్డారు. ఖాకీ చొక్కా తొడుక్కొచ్చిన రిటైరు కండక్టరు ఉన్నాడు. అరిటాకులమ్మే ఆడవాళ్ళు తట్టలు నెత్తి మీదే పెట్టుకుని వచ్చారు. పత్తిగింజల పాలు అమ్మే ఆయన బండి మూసి పక్కన పెట్టాడు. తిరుమంగళం నుంచి బస్సులో వచ్చిన అక్కచెల్లెళ్ళిద్దరు ఒకే గులాబీ దండను చెరో కొసా పట్టుకుని ఉన్నారు. చేతికర్ర ఊతంగా ఒక పంతులమ్మ. ఎవరూ మాట్లాడటంలేదు. మౌన ఊరేగింపు అని రాశాడు కదా, అందుకని.

సోలైమలై సైకిలు దిగి పాండియమ్మాళ్ వెనక నిలబడ్డాడు. "పాండీ, నన్ను చంపేస్తారే."

"చంపితే పోస్టరు వెయ్యడానికి భాయ్ ఉన్నాడులే. నిచ్చెన ఎక్కు."

తన నిచ్చెన తనే గోడకు ఆనించుకుని నాలుగు మెట్లెక్కాడు. రెండు చేతులూ జోడించాడు.

"అన్నలారా, అక్కలారా. పోస్టరు వేసింది నేనే. తప్పు నాదే. ఎళిల్ అన్న పోలేదు. బతికే ఉన్నాడు. పొద్దున ఇడ్లీ తిన్నాడు."

అప్పుడు కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చి, నిచ్చెన మీదున్నవాడి చొక్కా పట్టుకుని కిందికి గుంజాడు.

"ఏరా! పొద్దున్నుంచి మంచినీళ్ళు ముట్టలేదురా నేను! నా పెళ్ళాం పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదని నా కొడుకు తిట్టాడు!" అని అరిచి, మళ్ళీ గొంతు తగ్గించి, కాలరు వదలకుండానే అడిగాడు. "ఉన్నాడా? నిజంగా ఉన్నాడా?"

"మా తిరువేంగడం కళ్ళారా చూశాడన్నా. చట్నీ ఇంకొంచెం అడిగాడంట."

కండక్టరు సోలైమలై భుజం మీద మొహం పెట్టి భోరుమన్నాడు. ఆ ఏడుపుతో మౌనం కాస్తా పోయింది. అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. కొందరు తిట్టారు. కొందరు నవ్వారు. ఇలా చావుకబురు పుడితే ఆయుష్షు పెరుగుతుందని పంతులమ్మ అందరికీ నచ్చజెప్పింది.

ఇక దండల సంగతి తేలలేదు. శవానికని కొన్న దండ ఇంటికి తీసుకుపోకూడదు, దేవుడికి వెయ్యకూడదు. తిరుమంగళం అక్కచెల్లెళ్ళు గులాబీ దండ అలాగే పట్టుకుని దిక్కులు చూస్తున్నారు. పాండియమ్మాళ్ వాళ్ళ దగ్గరికి పోయి దండలోంచి ఒక గులాబీ తుంచింది.

"చావే లేనప్పుడు మైల ఎక్కడిది తల్లీ?" అని కొప్పులో పెట్టుకుంది.

అంతే, ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. పది నిమిషాల్లో అక్కడ దండన్నది లేదు, నెరిసిన కొప్పుల నిండా గులాబీలే. ఎవరో ఆటోలో పాట పెట్టారు. వాన పాట. మూడొందల మందికి పైగా పెదాలు కదిపి గొంతు కలిపారు. గొంతు ఒక్కరికీ బాగాలేదు, పదం ఒక్కరికీ తప్పలేదు. ట్రాఫిక్ కానిస్టేబులొకడు వచ్చి ఇదేంటి, పర్మిషనుందా అని గద్దించాడు. సంగతి విని తల గోక్కుని, "సరే, రైలు పాట కూడా అయ్యాక వెళ్ళిపోండి," అన్నాడు.

మధ్యాహ్నం నుంచి సోలైమలై గీకే పనిలో పడ్డాడు. అంటించడం తెలిసినవాడికి గీకడం చేతకాదని అతనికి ఆ రోజే తెలిసింది. నీళ్ళు కొట్టి నానబెట్టినా, తాపీతో గీకినా, కాగితం గోరంత గోరంత వస్తోంది. జన్మంతా ఆవుల్ని తిట్టినవాడు ఆరప్పాళయంలో ఒక ఆవును "రా తల్లీ, రా" అని బతిమాలి గోడ దగ్గరికి తోలుకొచ్చాడు. అది మూతి పెట్టి వాసన చూసి, అతని వైపు ఒక చూపు చూసి, తన దారిన పోయింది.

ఒక్కచోట కూడా మొహం మీద తాపీ ఆడించడానికి చెయ్యి రాలేదు. అక్షరాలే గీకాడు. దాంతో సాయంత్రానికి ఊళ్ళో సగం గోడల మీద అంజలి పోయి ఎళిల్‌మారన్ మాత్రం మిగిలాడు.

నడుమ నడుమ ఫోను మోగుతూనే ఉంది. నంబరు అందరికీ దొరికింది కదా. "అయ్యా, మా మామ బతికే ఉన్నాడు, రేటెంత?" అని ఒకడు. "నీ పోస్టరు నువ్వే వేసుకుంటావా?" అని ఇంకొకడు. అన్నిటికీ "తప్పయిందన్నా" అనే చెప్పాడు. ఇంటికొచ్చేసరికి పాండియమ్మాళ్ టీవీ ముందు కూర్చుని ఉంది. బతికున్న నటుడికి అంజలి, మదురైలో వింత అని చెబుతూ ఒకమ్మాయి నవ్వు ఆపుకుంటోంది. ఆ వెనక వాన పాట వేశారు. ఆ తర్వాత రైలు పాట. ఇంకో చానెల్లో ఆయన సినిమా నుంచి అరగంట. కింద పెద్ద అక్షరాలతో ఎళిల్‌మారన్ అని పేరు కూడా.

"నాలుగు ఉత్తరాలు రాసినా వెయ్యలేదు," అంది పాండియమ్మాళ్. "చంపితేగానీ వెయ్యలేదు చూడు."

అతను నవ్వలేదు. మైలుతుత్తానికి చేతులు నీలంగా మారి మండుతున్నాయి. అప్పుడు మళ్ళీ ఫోను.

"నేను తామరైని. ఎళిల్‌మారన్ గారి అమ్మాయిని. పోస్టరు మీదున్నది మీ నంబరేనా?"

సోలైమలై కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. "అమ్మా, తప్పయిపోయిందమ్మా, కాళ్ళు పట్టుకుంటాను..."

"పోలీసులకి చెబుదామన్నాను నేను," అంది ఆమె, గొంతు పెంచకుండా. "నాన్న వద్దన్నారు. రేపు ఇంటికొస్తున్నారు ఆస్పత్రి నుంచి. ఎల్లుండి మిమ్మల్ని రమ్మంటున్నారు. అడ్రసు పంపిస్తాను."

వైగై ఎక్స్‌ప్రెస్‌లో కూర్చున్నంతసేపూ ఏం చెప్పాలో కూర్చుకున్నాడు. ఒడిలో పాండియమ్మాళ్ ఇచ్చిన సంచి. అళగర్ కోవెల దోసె ప్రసాదం, తడిగుడ్డలో మల్లెపూలు. ఎగ్మూరు స్టేషన్లో తిరువేంగడం ఆటోతో నిలబడి ఉన్నాడు. సాలిగ్రామంలో అన్న ఇంటి దాకా తీసుకుపోయాడు కానీ పైకి రానన్నాడు. "నిన్ను పిలిచారు. నన్ను కొడతారు," అన్నాడు.

రెండో అంతస్తులో తామరై తలుపు తీసింది. నలభై ఏళ్ళుంటాయి, ఆఫీసుకు సెలవు పెట్టిన మనిషిలా ఉంది. పూలూ ప్రసాదమూ తీసుకుంది కానీ మొహంలో మార్పు లేదు.

"ఎక్కువసేపు మాట్లాడించకండి," అంది.

కిటికీ పక్క కుర్చీలో ఒక సన్నటి ముసలాయన. లుంగీ, పైన తువ్వాలు, ముంజేతికి సూది తీసిన చోట ప్లాస్టరు. సోలైమలై ఆయన్ని ఎన్ని వేలసార్లు గోడకెక్కించాడో. ఎప్పుడూ తనకన్నా రెండింతల ఎత్తుండేవాడు. ఇప్పుడు కుర్చీలో సగం కూడా నిండలేదు. సోలైమలై నేలమీద సాష్టాంగపడ్డాడు.

"లే తమ్ముడూ. నాకు లేపే ఓపిక లేదు."

గొంతు తెలిసిందే. కొంచెం అరిగింది, అంతే. సోలైమలై లేచి గోడకానుకుని కూర్చున్నాడు.

"వయసు తప్పు వేశావు," అన్నాడు ఎళిల్‌మారన్.

"అన్నా?"

"అరవై ఎనిమిది అన్నావు. నాకు డెబ్భై మూడు. మొదటి సినిమాకి ప్రొడ్యూసరు ఐదేళ్ళు తగ్గించాడు. అదే ఉంచు, మళ్ళీసారికి కూడా."

తామరై వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. "మళ్ళీసారి ఏంటి నాన్నా?"

ఆయన వినిపించుకోలేదు. "అమ్మాయి ఫోన్లో చూపించింది. వానలో ఎవరు తడుస్తారు అని రాశావే, అది నువ్వేనా రాసింది?"

"నేనే అన్నా. తప్పయింది. బతికున్న మనిషిని..."

"ఆస్పత్రిలో నర్సు అడిగింది నన్ను, తాతా నువ్వేం పని చేసేవాడివని. సినిమాలో చేశానన్నాను. లైట్లు పట్టుకునేవాడివా అంది." ఆయన నవ్వాడు. "మంచి పిల్ల. దాని తప్పేం లేదు. నేనూ అదే ఆలోచించాను ఆ మంచం మీద. ఏం చేశాను నేను? పాట రాసింది నేను కాదు. బాణీ నాది కాదు. గొంతు నాది కాదు. పెదాలు కదిపాను. దానికి ఎనిమిదేళ్ళు మీరంతా నన్ను నెత్తిన పెట్టుకున్నారు. ఇప్పుడు పేరు వెయ్యలేదని టీవీ వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళది న్యాయమే."

నాలుగు ఉత్తరాలు రాసిన మనిషికి ఆ మాట పడలేదు. క్షమాపణ చెప్పడానికి వచ్చానన్న సంగతి మరిచిపోయాడు.

"న్యాయం ఎలాగవుతుందన్నా?" అన్నాడు. "గొంతు మీది కాకపోతే, మాదా? మాకూ లేదు గొంతు. మాకు మాటే రాదు. పెళ్ళిచూపుల్లో పాండియమ్మాళ్ ఎదురుగా కూర్చుంటే నోరు పెగల్లేదు నాకు. పక్కింటి రేడియోలో మీ పాట వస్తోంది. నేను ఊరికే పెదాలు కదిపాను. చొక్కా చేతులు మడిచాను. ఆ పిల్ల నవ్వింది. నాది ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం అన్నా. పెదాలు కదిపితే చాలని చూపించింది మీరు. పాడేవాడిని చూసి మేమేం నేర్చుకుంటాం? పాడటం రానివాడు పాటలో ఎలా నిలబడాలో, అది మీ దగ్గర నేర్చుకున్నాం." ఊపిరి పీల్చుకున్నాడు. "ఇదంతా మీకు చెప్పాలని నలభై ఏళ్ళుగా ఉంది. పోయాక చెప్పాల్సి వచ్చిందే అని ఆ పోస్టరు మీద ఏడ్చాను. మీరుండగా చెప్పాను. నాకింక చాలు. పోలీసులకిచ్చినా సరే."

ఎళిల్‌మారన్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తువ్వాలు అంచుతో ముక్కు తుడుచుకున్నాడు. తర్వాత మాట్లాడినప్పుడు గొంతు తగ్గించాడు, కూతురికి వినబడకూడదన్నట్టు.

"పది గంటలకి ఊరేగింపు అని వేశావు."

"అవునన్నా."

"ఎంతమంది వచ్చారు?"

"నాన్నా," అంది తామరై గుమ్మంలోంచి. "ఎందుకు నాన్నా ఇప్పుడవి?"

సోలైమలైకి అప్పుడు అర్థమైంది, మదురై నుంచి తనను రప్పించింది ఈ ఒక్క మాట అడగడానికేనని. పది రోజులు మంచం మీద పడుకుని ఆయన భయపడింది దేనికో కూడా అర్థమైంది. ప్రెస్సులో తను భయపడింది కూడా దానికే. జవాబు తన దగ్గరుంది. మూడొందలకు పైనే అని చెబితే సరిపోతుంది. కానీ సినిమా వాళ్ళు అంకెలు నమ్మరు. వంద రోజులు ఆడకపోయినా ఆడిందని తనే ఎన్ని పోస్టర్లు అంటించాడు!

"లెక్కపెట్టలేదన్నా," అన్నాడు. "మనుషుల్ని చెబుతాను."

వేళ్ళు మడవకుండా చెప్పడం మొదలుపెట్టాడు. నా చొక్కా పట్టుకున్న కండక్టరు, పేరు పెరియకరుప్పన్, ముప్ఫై ఏళ్ళు తేని బస్సులో చివరి ట్రిప్పుకి మీ పాటే పెట్టేవాడంట. అరిటాకుల సందు నుంచి వేలమ్మాళ్, దాని చెల్లెలు, దాని కోడలు. పత్తిగింజల పాల మాయాండి. తిరుమంగళం నుంచి వచ్చినవాళ్ళలో పెద్దామె పేరు ఒచ్చాయి, చిన్నామె పేరు సీనియమ్మాళ్, మీ సినిమాకని ఇంట్లో చెప్పకుండా వచ్చి తన్నులు తిన్నారంట, ఇప్పుడు దండ తెచ్చారు. పంతులమ్మ అరుళ్‌మేరి. జైలాని భాయ్ ప్రెస్సు మూసి వచ్చాడు, నాకు చెప్పకుండా వెనక నిలబడ్డాడు. రైలు పాట దాకా ఉండమన్న కానిస్టేబులు, పేరు అడగడం మరిచిపోయాను...

తామరై చేతిలో గ్లాసుతోనే వచ్చి తండ్రి కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది. ఎళిల్‌మారన్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి, ప్రతి పేరునూ చప్పుడు లేకుండా తిరిగి పలుకుతున్నాడు. సోలైమలై జోరు మీద ఇరవయ్యో మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి పైకెత్తి ఆపాడు.

"నెమ్మదిగా చెప్పు తమ్ముడూ," అన్నాడు. "ఒక్కొక్కళ్ళనీ."